వ్యాపారం పేజీలో మా మార్కెట్టు

నేను ఒక పాత లాప్‌టాప్‌ని. ఆ 'పాత' అనే మాట నేనైతే అనుకోవచ్చు, మీరంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఏ దేశంలోనో పెద్ద ఫ్యాక్టరీలో పుట్టి, హైదరాబాదులో ఒక మేనేజరు గారి దగ్గర కొలువులో చేరాను. ఆయన రోజంతా నాలో క్రికెట్ స్కోరు చూసేవాడు. ఎవరైనా గదిలోకొస్తే లెక్కల షీటు ముందుకొచ్చేది. కొన్నేళ్ళకు వయసైపోయిందని తీసేశారు. ఆయన్ని కాదు, నన్ను!

సెకండ్‌హ్యాండ్ షాపులోంచి నన్ను కొనుక్కొచ్చింది వసుంధర. ఉత్తరాంధ్రలో ఒక చిన్న ఊళ్ళో ట్యూషన్లు చెప్పుకుంటూ బ్లాగు రాసే మనిషి. తెల్లారగానే కాఫీ గ్లాసుతో వీధి అరుగు మీద కూర్చుని, నాలో పేపర్లన్నీ తిరగేసి, తన మాట రెండు ముక్కలు జోడించి 'పొద్దుటి చదువు' అని పెడుతుంది. రాజకీయాలు, వ్యాపారం, లోకం పోకడ, ఏదీ వదలదు. చదివేవాళ్ళు పట్టుమని పదిమంది లేరు. అయినా ఆవిడ హుషారు చూడాలి! కూరల మార్కెట్లో వంకాయలమ్మే నూకరత్నానికి చదువు రాదు గనక, దారిలో బుట్ట దింపి ఆ వార్తలు విని వెళ్ళేది.

మార్కెట్టు తీసేస్తారని అప్పట్లో పుకారు. అది పోతే నూకరత్నం బతుకు వీధిన పడ్డట్టే. ఒక పొద్దున్న వసుంధర రాజకీయాల పేజీ చదివింది. మార్కెట్టును అంగుళం కూడా కదపనివ్వనని ఊరి నాయకుడు మాటిచ్చాడట. నూకరత్నం ఆకాశానికి దండం పెట్టి బుట్ట ఎత్తుకోబోయింది. వసుంధర అలవాటు కొద్దీ వ్యాపారం పేజీ తెరిచింది. అక్కడ ఓ మూల ఒక కంపెనీ గొప్పలు చెప్పుకుంటోంది. మా ఊళ్ళో మల్టీప్లెక్సు కడుతుందట, కూరల మార్కెట్టు స్థలంలోనే! ఆదివారం శంకుస్థాపన. ముఖ్య అతిథి ఎవరనుకున్నారు? ఆ నాయకుడే!

నా లోపల ఫ్యాను గిర్రున తిరిగింది. వసుంధర రెండు వార్తలూ పక్కపక్కన అతికించి, కింద ఒక్క వాక్యం రాసింది: 'వీటిలో ఏది నిజం, సార్?' పెట్టేముందు ఆమె వేలు ఆగిపోయింది. ఊళ్ళో బతకాల్సిన మనిషి, పైగా ట్యూషన్ పిల్లల్లో సగంమంది ఆయన బంధువులే. ఆమె భయం నూకరత్నానికి అర్థమైంది.

"నొక్కీయమ్మా. నీకేటైనా అయితే మేం లేమా ఏటి?"

నొక్కింది. అబ్బ, ఆ రోజు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు వేడెక్కుతుంది! ఫోన్లోంచి ఫోన్లోకి పాకి, మధ్యాహ్నానికల్లా ఉల్లిపాయల కొట్ల నుంచి ఎండుచేపల వరస దాకా అదే మాట. సాయంత్రం నాయకుడే స్వయంగా మార్కెట్టుకొచ్చి, శంకుస్థాపన సంగతి తనకేమీ తెలియదని మైకులో చెప్పాడు. పాపం, ముఖ్య అతిథికే పిలుపు అందలేదు కాబోలు. ఆదివారం ఎవరూ పునాదిరాయి వెయ్యలేదు.

సోమవారం పొద్దున్న మా అరుగు మీద చోటు లేదు. నూకరత్నం మార్కెట్టు ఆడవాళ్ళందరినీ వెంటబెట్టుకొచ్చింది. మార్కెట్టు కోసం తన ప్రాణం అడ్డు వేస్తానని నాయకుడన్న వార్త రాజకీయాల పేజీలో ఇంత లావు అక్షరాలతో ఉంది. వసుంధర గర్వంగా గొంతు సవరించుకుంది. నూకరత్నం చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ఆకర్న సదువుదువు గానీ, ముందు ఆ యాపారం పేజీ తియ్యమ్మా."