వంద లోపలికి, రెండు బయటికి

బ్రాడ్‌బ్యాండు పెట్టించింది మరిది. కంపెనీ మనిషిని అతను అడిగింది ఒక్కటే, సినిమాలు ఆగకుండా వస్తాయా అని. డౌన్‌లోడు స్పీడు వంద అన్నాడట ఆ పెద్దమనిషి. అంతే, సంతకం గీకేశాడు. ఇంట్లో నెట్టు మీద పనిచేసుకునేది పెద్దకోడలు ఒక్కతే. ఆవిణ్ణి మాటమాత్రమైనా అడిగిన పాపాన పోలేదు.

పెద్దాసుపత్రికి చెవిటివాళ్ళు వస్తే, ఆమె ఇంట్లోనే కెమెరా ముందు కూర్చుని డాక్టరు మాటల్ని సైగల్లో చూపిస్తుంది, వాళ్ళ సైగల్ని డాక్టరుకు మాటల్లో చెబుతుంది. కొత్త లైను వచ్చిన వారంలోనే అవతలి తెర మీద ఆమె చేతులు గాల్లో ఆగిపోవడం మొదలైంది. ఆమెకేమో అవతలివాళ్ళు శుభ్రంగా కనిపిస్తున్నారు. నర్సు చెబితే గాని సంగతి తెలియలేదు.

మూడోసారి ఆగినప్పుడు అవతల ఉన్నది ఓ ముసలి వడ్రంగి. పుండు ముదిరింది, కుడిచేతి వేళ్ళు రెండు తీసేయాలని డాక్టరు చెబుతున్నాడు. వడ్రంగి అన్నిటికీ తలూపాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రి మేనేజరు ఫోను చేసి, ఇంకొక్కసారి ఇలా జరిగితే వేరేవాళ్ళని చూసుకుంటామని తేల్చి చెప్పాడు.

ఇంట్లో చెబితే మరిది టీవీ చూపించి, జామ్మని వస్తోంది కదా వదినా, నీ కంప్యూటరే పాతదేమో అన్నాడు. అత్తగారు ఒకడుగు ముందుకేసి, చేతులు కాస్త నెమ్మదిగా ఊపి చూడమంది. ఒళ్ళు మండదూ మరి! కంపెనీకి ఫోను చేస్తే వాళ్ళూ అదే పాట: సినిమాలు ఆగుతున్నాయా? లేదా? అయితే లైను బాగున్నట్టే.

ఆమె మరిది సంతకం చేసిన కాగితాలు వెతికి తీసింది. చీమతలకాయంత అక్షరాల్లో రాసుంది, అప్‌లోడు రెండు అని. ఇంట్లోకి వచ్చేది వంద, ఇంట్లోంచి బయటికి పోయేది రెండు! ఆ రెండులో కూడా మరిది ఫోను వాటా పంచుకుని పొద్దస్తమానం ఫొటోలు ఎక్కించుకుంటోంది. ఇక ఆమె చేతులకు మిగిలేదేముంది?

మర్నాడు పొద్దున్నే కంపెనీ ఆఫీసుకు వెళ్ళింది. రాకపోకలు రెండూ సమానంగా ఉండే ఫైబరు లైను వ్యాపారాలకే ఇస్తామన్నాడు కౌంటరు ఆయన. మీది ఇల్లు కదమ్మా, బోర్డేదీ అని అడిగాడు.

"వంటింటి పక్కన కుర్చీ వేసుకుని చేస్తే అది పని కాదా అండీ?" అంది ఆమె. "సినిమా చూసేవాళ్ళకి లోపలికి రావాలి. నాకు బయటికి పోవాలి. నా చెయ్యి సగంలో ఆగితే అవతల మనిషికి సగం మాటే చేరుతుంది. ఆ సగం మాట చూసి ఆయన వేళ్ళు కోయించుకోవాలా?"

తమకు పనిచేస్తోందని ఆసుపత్రివాళ్ళు రాసిచ్చిన ఉత్తరం బల్ల మీద పెట్టి, పని అయ్యేదాకా కుర్చీలోంచి లేవలేదు. నాలుగో రోజుకు ఫైబరు వచ్చింది. మరిది ముఖం గంటు పెట్టుకున్నాడు, పెట్టుకోనీ.

కొత్త లైను మీద మొదట కనిపించింది ఆ వడ్రంగే. ఆపరేషను రేపు, ఈయన ఎలాగూ ఒప్పుకున్నాడు కాబట్టి ఎన్నింటికి రావాలో చెబితే చాలన్నాడు డాక్టరు. ఆమె మనసు ఒప్పలేదు. రేపు ఏం చేస్తారో తెలుసా బాబాయ్ అని సైగ చేసింది. పుండు కడిగి కట్టు కడతారు కదా అన్నాడాయన.

మరి ఆ రోజు అన్నిటికీ తలెందుకు ఊపావని అడిగింది.

నువ్వు మాటిమాటికీ ఆగిపోతుంటే వాళ్ళు నిన్ను విసుక్కున్నారమ్మా, అన్నాడు ఆయన, కట్టు ఉన్న చేతినీ లేని చేతినీ కష్టంగా కదుపుతూ. నాకర్థం కాలేదంటే నీ పని పోతుందేమోనని ఊపాను.

ఆమెకు మరిది మీద, కంపెనీ మీద, ఆ రోజు ఆ తలూపు చూసి హమ్మయ్య అనుకున్న తన మీద ఒకేసారి కోపం పొంగింది. ఏమంటున్నాడని డాక్టరు అడిగాడు.

"ఈయన దేనికీ ఒప్పుకోలేదండీ," అంది. "వేళ్ళు తీసేస్తారని ఈయనకి ఇంతవరకూ తెలీదు. మళ్ళీ మొదట్నుంచి చెప్పండి."