దించమని పాడితే నిలబెట్టారు

నేను ఒక గళ్ళ రుమాలును. పుట్టింది చీరాలలో. ఓడ ఎక్కింది మద్రాసు రేవులో కాబట్టి లోకమంతా నన్ను 'మద్రాసు' అనే పిలుస్తుంది. నేసిన ఊరిని వదిలేసి ఓడ ఎక్కిన ఊరి పేరు పెట్టడం ఎక్కడి న్యాయం? ఆ తర్వాత ఇంతకంటే పెద్ద అన్యాయం చూశాను కాబట్టి ఈ మాట ఇక్కడితో వదిలేస్తున్నాను.

నన్ను నేసినవాడు చెంచయ్య. అతను గుంటమగ్గంలో కూర్చుని నేస్తుంటే పక్కన భార్య కోటమ్మ కండెలు చుడుతూ అడిగింది.

"ఇయ్యి యాడికి పోతాయంట?"

"సముద్రాల అవతల ఏదో దీవికంట. ఆడోళ్ళు తలకి కట్టుకుంటారంట."

"కట్టుకుని ఏం జేస్తారో!"

"ఏం జేస్తే మనకేందే. రంగు దిగిందని మాట రాకుంటే చాలు."

రంగు దిగలేదు. ఏం చేశారో మాత్రం నేను చెబుతాను, వినండి.

కరీబియన్ సముద్రంలోని ఆ చిన్న దీవిలో యూడాక్సీ అనే ఆమె చర్చికి కట్టుకోవడానికి నన్ను కొంది. కట్టుకుంది కూడా, ఒక్క ఆదివారం. సోమవారం నన్ను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, నా మీద అరటిగెల ఎత్తుకుని తోట నుంచి రేవుకు నడిచింది. ఆ దీవి ఆడవాళ్ళందరి బతుకూ అదే. గెల నలుగుతుందని మేస్త్రీ అరిచేవాడు. కింద మనిషి మెడ నలుగుతోందని మాత్రం అతనికి ఒక్కనాడూ తోచలేదు. రుమాలునైన నాకే తెలిసింది, మనిషికి తెలియదా?

యూడాక్సీ మెడ పట్టేసి మంచం ఎక్కాక నేను ఆమె కూతురు ఫిలోమీన్ చేతికి వచ్చాను. ఫిలోమీన్ సోకా గాయని. సోకా అంటే ఆ దీవుల ఉత్సవాల్లో వీధుల వెంట పాడే పాట. కూర్చుని వినేది కాదు, గెంతుతూ వినేది. ఆమె కట్టిన మొదటి పాట ఇంతే: దించవే అమ్మా దించు, నెత్తిన గెల దించు, చుట్ట విప్పి గాలిలో ఊపు. ఉత్సవంలో లారీ ఎక్కి, ఆ మాట దగ్గర నన్ను తల మీంచి లాగి ఊపింది. వీధి నిండా ఆడవాళ్ళు తమ తలగుడ్డలు విప్పారు. చీరాల గళ్ళన్నీ ఒక్కసారిగా పైకి లేచాయి. అంత ఎత్తుకు వెళ్తానని నేను ఎన్నడూ అనుకోలేదు.

పెద్దమనుషులకు కడుపు మండింది. రేడియోలో ఆ పాట ఆపేశారు. గెంతే ఆడది సంసారానికి పనికిరాదని చర్చిలో చెప్పారు. అయినా ఆ ఏడాదే రేవులో ఆడవాళ్ళు గెలలు కింద పెట్టి, పాట పాడుతూ కూర్చున్నారు. గెలలు మోయడానికి తోటల్లోకి తోపుడుబళ్ళు వచ్చేదాకా లేవలేదు. తర్వాత ఫిలోమీన్ దీవి దీవికీ తిరిగి పాడింది. పెళ్ళిలో, సమ్మెలో, క్రికెట్ గెలిచినప్పుడు, ఎక్కడ సంతోషం పుట్టినా జనం ఏదో ఒక గుడ్డ ఊపడం ఆమె దగ్గరే నేర్చుకున్నారు. నాకు నాలుగు మాసికలు పడ్డాయి, ఆమె జుట్టు తెల్లబడింది. మేమిద్దరం ఆగలేదు.

అప్పుడు ప్రభుత్వానికి ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

సన్మానం అన్నారు. హాలు నిండా కుర్చీలు, అవి కదలకుండా ఒకదానికొకటి తాళ్ళతో కట్టేశారు. సంస్కృతి శాఖ పెద్ద ఆంబ్రోజ్ గారు మైకు పట్టుకుని, ఈ పాటను ఈ రోజు నుంచి దీవి గౌరవగీతంగా ప్రకటిస్తున్నామన్నారు. అది వినిపించినప్పుడు అందరూ లేచి, చేతులు తొడలకు ఆనించి, కదలకుండా నిలబడాలట. చట్టం చేశారట! బడుల్లో పిల్లలకు రోజూ వినిపిస్తారట. పోలీసు బ్యాండు మొదలుపెట్టింది. మాటల్లేవు. శవం వెంట నడిచేవాళ్ళకు వాయించినట్టు వాయించారు. హాలంతా లేచి బిగుసుకుపోయింది, అదంతా మర్యాదే అనుకుంటూ. ఫిలోమీన్ చెయ్యి తల మీదున్న నా వైపు లేచింది. ఆంబ్రోజ్ గారు నవ్వుతూ ఆమె మోచెయ్యి పట్టుకుని కిందికి దించారు. ఆమె కూడా నిలబడిపోయింది! నాకు ఒళ్ళు మండిపోయింది. నాకే గొంతుంటే ఆ బ్యాండు మేళాన్ని అక్కడికక్కడే కడిగేసేదాన్ని.

బ్యాండు ఆగాక ఆయన మెల్లగా అడిగారు.

"అమ్మా, ఆ రుమాలు మ్యూజియానికి ఇస్తే అద్దాల పెట్టెలో భద్రంగా పెడతాం."

ఫిలోమీన్ సన్మానంలో తనకు వేసిన పతకాన్ని మెడలోంచి తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇది పెట్టుకోండి బాబూ. దీనికి వేరే పనేం లేదు. రుమాలుకి పనుంది."

"కోపం వచ్చిందా? మీ పాటను అందరికంటే ఎత్తులో నిలబెట్టాం కదా!"

"నేను దించమని పాడాను. మీరు దాన్నే తెచ్చి పిల్లల నెత్తిన పెట్టారు."

ఆయనకు అర్థం కాలేదు. పెద్ద కళాకారులకు చాదస్తం ఉంటుందని పక్కాయనతో అన్నారు.

చట్టం అలాగే ఉంది. బడుల్లో రోజూ పొద్దున్నే ఆ ఈడుపు రాగం మోగుతుంది. మాటలు ఎవరూ నేర్పరు, చేతులు మాత్రం కట్టిపడేస్తారు. యూడాక్సీ మెడ గురించి ఆ పిల్లల్లో ఒక్కరికీ తెలియదు. ఇదేనా గౌరవం?

ఇప్పుడు ఫిలోమీన్ ఇంటి పక్క బడి మొదలయ్యే వేళకు ప్రహరీ బయటికి వెళ్ళి నిలబడుతుంది. లోపల బ్యాండు రికార్డు మూలుగుతుంటే, ఇవతల ఆమె చప్పట్లతో అసలు వేగం కొడుతూ అసలు మాటలు పాడుతుంది. భుజం నొప్పితోనే నన్ను గోడ పైకెత్తి ఊపుతుంది. హెడ్మాస్టరు వచ్చి రెండుసార్లు వెళ్ళిపొమ్మన్నాడు. ఆమె వెళ్ళలేదు.

గోడ మీంచి నేను చూస్తున్నాను. పిల్లల చేతులు తొడలకే ఆని ఉన్నాయి. వరసలు వరసలుగా వాళ్ళ మడమలు మాత్రం లేచి పడుతున్నాయి.