ముప్పై నంబర్లు

తొమ్మిదిన్నరకు ప్రార్థన, ఆ వెంటనే హాజరు. టీచరమ్మ నంబర్లు పిలుస్తుంది. గదిలో ఉండేది ఏడుగురు పిల్లలు, "ప్రెజెంట్ టీచర్" అనేవి ముప్పై గొంతులు. బడి మారిన పిల్లల గొంతు, రిజిస్టర్లో నంబరు కొట్టేసేదాకా పాత బల్ల వదిలి రాదు. అది ఆ పేటలో అందరికీ తెలిసిందే.

ముప్పైకి ఒక్కరు తగ్గినా బడి మూసేస్తారు. అందుకే టీచరమ్మ ఎవరినీ కొట్టేయలేదు. నెలకోసారి వచ్చే తనిఖీ అధికారి చెవులతోనే లెక్క చూసుకునేవాడు. తలెత్తడం ఆయన ఉద్యోగంలో లేదు.

ఫీజులు తీసుకునే కొత్త ప్రైవేటు బళ్లవాళ్లు "టీసీ తర్వాత చూద్దాం" అంటూ పిల్లల్ని చేర్చుకున్నారు. మూగగా కూర్చున్నవాళ్లను చూసి "ఎంత క్రమశిక్షణో!" అని మురిసిపోయారు. పదకొండో నంబరు పిల్ల తల్లి, టైలరమ్మ మాత్రం మురవలేకపోయింది. ఆమెకు చదువు రాదు. ఛాతీ ఎంతో, చెయ్యి ఎంతో కొలతల పుస్తకం చూసి కూతురే గట్టిగా చదివేది. ఇప్పుడు వేళ్లు చూపిస్తోంది. ఇంట్లో మిషన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. మూడు నెలలు చూసి, ఆమె పాత బడికి వెళ్లింది.

"మా పిల్ల గొంతు ఇచ్చేయండి టీచరమ్మా."

"అసలు ఎందుకు తీసుకెళ్లావమ్మా?"

"ఐదు తరగతులకూ మీరొక్కరే. నెలలో సగం రోజులు మిమ్మల్ని సర్వేలకు తిప్పుతారు. బాత్రూంకి తలుపు లేదని నా పిల్ల పొద్దుటినుంచి మంచినీళ్లు ముట్టేది కాదు. మీ మీద కోపమా నాకు?"

"నీ పిల్ల ఒక్కదాన్ని కొట్టేసినా ఈ ఏడుగురి బడి పోతుంది."

"తెలుసు. నాదీ కన్నకడుపేగా."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. టీచరమ్మ ఎర్ర కలం తీసి, వెళ్లిపోయినవాళ్ల నంబర్లు ఒక్కొక్కటే పిలిచింది. పలికిన గొంతును కళ్లు మూసుకుని విని, గీత పెట్టింది. ఇరవై మూడు గీతలు. ఒక్కరికిచ్చి మిగతావాళ్లను ఉంచుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

ఆ సాయంత్రం టైలరమ్మ ఇంట్లో "అమ్మా, ఆకలి" అన్న మాట వినబడింది. ఆమె కూతుర్ని పట్టుకుని ఏడ్చింది. నెల తిరగకుండా బడికి తాళం పడింది. టీచరమ్మను ఎక్కడికో బదిలీ చేశారు. ఆ ఏడుగురికీ దగ్గర్లో మరో సర్కారు బడి లేదు.

ఒకరోజు కూరగాయల బండి ఆవిడ టైలరమ్మ దగ్గరికి వచ్చింది. ఆ ఏడుగురిలో నాలుగో నంబరు ఆవిడ కూతురే.

"మీ అమ్మాయికి మాటొచ్చిందటగా వదినా, సంతోషం" అంది. మనస్ఫూర్తిగానే అంది. సంచిలోంచి చిన్న యూనిఫాం తీసి బల్లమీద పెట్టింది. ఉతికి, ఇస్త్రీ చేసి ఉంది.

"దీంతో ఇక పనేముంది? గుడ్డ గట్టిది. బండికి తగిలించుకోవడానికి ఓ సంచి కుట్టి పెట్టు."

టైలరమ్మ కత్తెర తీసుకుంది గానీ, ఎక్కడ కోయాలో ఆమెకు తోచలేదు.