ఖార్టూమ్‌లో ఏడున్నర

నేను ఒక గోడ గడియారాన్ని. అదీ తప్పు టైము చూపించడానికే గోడెక్కినదాన్ని. నవ్వుకోండి, నాకు అలవాటే.

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. గుండ్రటి ప్లాస్టిక్ ఒళ్లు, వీపున ఒక్క పెన్సిల్ సెల్లు, అంతే నా ఆస్తి. సత్యవేణి మేడం గృహప్రవేశానికి బహుమతిగా వెళ్ళాను. తీరా చూస్తే అక్కడ నాలాంటివి అప్పటికే ఆరు. మనుషులు తమ టైము ఒక్క నిమిషం ఎవరికీ ఇవ్వరు గాని, గడియారాలు మాత్రం ధారాళంగా ఇస్తారు. రెండేళ్లు అట్టపెట్టెలో పడుకున్నాక ఆవిడ నన్ను బడికి తీసుకెళ్ళారు.

నాగావళి ఒడ్డున ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆవిడ తెలుగు టీచరు. ఎనిమిదో తరగతి గదిలో అప్పటికే ఉన్న గడియారం పక్కన నన్ను తగిలించి, మూడున్నర గంటలు వెనక్కి తిప్పారు. అది సూడాన్‌లో ఖార్టూమ్ నగరం టైమట. అక్కడ సుఆద్ అనే అరబ్బీ టీచరు మేడంకి ఇంటర్నెట్‌లో స్నేహితురాలయ్యారు. మన పిల్లలు తెలుగులో చెప్పింది మేడం ఇంగ్లీషు చేసి పంపేవారు. వాళ్ళ పిల్లల అరబ్బీని సుఆద్ ఇంగ్లీషు చేసి పంపేవారు. తెలుగు చెప్పుకునేదానికి సూడాను గొడవెందుకని స్టాఫ్ రూములో నవ్వారట. మేడం కూడా వాళ్ళతోపాటే నవ్వేసి క్లాసుకి వచ్చేవారు.

తెలుగు పీరియడు పదకొండింటికి. నా మొహంలో ఏడున్నర. "ఇప్పుడు వాళ్ళేం చేస్తున్నారు?" అని మేడం అడిగేవారు. పిల్లలు వర్తమాన కాలంలో ఒక్కో వాక్యం చెప్పాలి. ఫాతిమా జడ వేయించుకుంటోంది. ఉస్మాన్ బస్సు కోసం చూస్తున్నాడు. వ్యాకరణం అంటే పారిపోయే పిల్లలు నన్ను చూసి పోటీలు పడేవారు. నేనూ కాస్త గర్వపడ్డాను, దాచడం దేనికి.

పైడిరత్నం మాత్రం వెనక బెంచీలో నోరు విప్పేది కాదు. ఆ పిల్లకి జత కలిపిన స్నేహితురాలు ఆమ్నా. ఒకరోజు ఆమ్నా ఎర్రటి షర్బత్ గ్లాసు ఫొటో పంపింది. పువ్వు రాలాక మిగిలే ఎర్ర దొప్పలు ఎండబెట్టి, నానబెట్టి చేస్తారట. పక్కనే ఆ మొక్క కూడా ఉంది. పైడిరత్నం లేచి నిలబడింది.

"మేడమ్, అది మన గోంగూర. మా పెరట్లో ఉంది."

అదే ఆ పిల్ల మొదటి మాట. ఆకు పచ్చడి చేసుకుంటామని ఇక్కణ్ణుంచి ఉత్తరం వెళ్ళింది. ఆకు నీది, దొప్ప నాది, మొక్క మనిద్దరిదీ అని అక్కణ్ణుంచి జవాబొచ్చింది. ఆ జవాబు కాగితం మీద రాసుకుని తెలుగు వాచకంలో దాచుకుంది పైడిరత్నం. అప్పట్నుంచి రోజూ మొదటి వాక్యం తనదే. "ఆమ్నా బడికెల్తంది." 'వెళ్తోంది' అని మేడం దిద్దేవారు. మర్నాడు మళ్ళీ 'ఎల్తంది'.

ఆ ఏప్రిల్‌లో ఖార్టూమ్‌లో యుద్ధం మొదలైంది. జూన్‌లో బడి తెరిచేసరికి సుఆద్ ఫోను మూగబోయి రెండు నెలలు కావస్తోంది. మేడం నన్ను ఆ పిల్లలతోపాటే తొమ్మిదో తరగతి గదికి మార్చారు. పదకొండయింది. ఆవిడ నా వైపు చూశారు గాని ఏమీ అడగలేదు. పైడిరత్నమే లేచి, ఆమ్నా బడికెల్తంది అంది. మేడం దిద్దలేదు.

ఆగస్టులో పరీక్ష పెట్టారు. భూతకాలంలోకి మార్చమని బోర్డు మీద ఐదు వాక్యాలు రాశారు. చేతికి అలవాటైపోయిందేమో, మూడోది 'ఆమ్నా బడికి వెళ్తోంది' అని రాసేశారు, చూసుకోలేదు. కాగితాలు తీసుకుంటే పైడిరత్నం మూడోది వదిలేసి నాలుగే రాసింది. అది రాదా అని అడిగారు మేడం.

"వచ్చు మేడమ్. రాయను. నాను రాసేస్తే అది అయిపోయినట్టు కాదేటి."

మేడం బోర్డు వైపు తిరిగారు. డస్టరు పక్కనే ఉన్నా అరచేత్తోనే ఆ వాక్యం తుడిచారు. తరవాత గంట కొట్టేదాకా ఇటు తిరగలేదు. నాకు గుండె లేదంటారు. ఆ పూట మాత్రం నాకు ఏడుపొచ్చింది.

ఆ తరవాత తనిఖీకి వచ్చిన ఒకాయన, ఒక గదిలో రెండు టైములేమిటని నన్ను సరిచేయించాడు. సంవత్సరం చివర్లో మేడంకి బదిలీ అయింది. నేను స్టోరు రూములో విరిగిన బెంచీల మీదికి చేరాను. సెల్లు నాలోనే కారి తుప్పు పట్టింది.

పదో తరగతి పాసై టీసీ కోసం వచ్చినప్పుడు పైడిరత్నం నన్ను వెతికి బయటికి తీసింది. కొత్త సెల్లు వెంట తెచ్చుకుంది. ముళ్ళు తిప్పి ఏడున్నరకు పెట్టింది. నడవాలని నాకూ ఎంతో ఉంది. సెకన్ల ముల్లు ఉన్నచోటే కొట్టుకుంది తప్ప ముందుకు కదల్లేదు. ఆ పిల్ల కాసేపు చూసి, చున్నీతో నా అద్దం తుడిచింది.

"ఆమ్నా బడికి వెళ్తోంది," అంది, మేడం దిద్దినట్టే, ఒక్క తప్పు లేకుండా.

నన్ను జాగ్రత్తగా గోడకి ఆనించి వెళ్ళిపోయింది. ఇప్పటికీ నా దగ్గర ఏడున్నరే. ఆమ్నా ఇంకా బడికి వెళ్తూనే ఉంది.