సాంబయ్య సాంచలు ఆగినయట!

ఆ బోర్డును తీస్కపోయి మానేరు వాగుల ఇసిరేద్దామన్నంత కోపమొచ్చింది సంగీతకు. పేరుకు కంప్యూటరే, చూస్తే అరచెయ్యంత లేదు. మానిటర్ లేదు, కీబోర్డు లేదు, లోపల లైనక్స్, పక్కపొంటి ఒక నెట్ వైరు, గంతే. గింత దానికి గన్ని నకరాలా! జగిత్యాలల తన దుకాణంల బల్ల మీద పెడితే బుద్ధిగ పనిచేస్తది. సిరిసిల్లల జగదీశ్ సేటు షెడ్డుకు తెచ్చి పెట్టంగనే మొండికేస్తది.

చెయ్యాల్సింది బ్రహ్మవిద్యేం కాదు. సాంచలు, అంటే కరెంటు మగ్గాలు, నడుస్తున్నయా ఆగినయా అన్నది బోర్డు కనిపెట్టి, పక్కనే ఉన్న సేటు ఇంట్ల టీవీకి చెప్పాలె. నడిస్తే పచ్చ, ఆగితే ఎర్ర. బోర్డు నుంచి అసలు కబురే రాకున్నా ఎర్రే. దానికి వేరే రంగు పెట్టాలన్న సోయి సంగీతకు అప్పుడు లేకపాయె.

ముందుగాల పరీక్షకని ఒక్క సాంబయ్య నడిపే సాంచలకే బిగిచ్చింది. సాంబయ్య ఎవలో కాదు, ఆమె నాయన. బోయినపల్లిల గుంట జాగ లేక, పడుచుతనంల సిరిసిల్లకొచ్చి సాంచల మీద పడ్డ మనిషి. ఆ మోతలనే ఉండి బిడ్డను పాలిటెక్నిక్ చదివిచ్చిండు. నౌకరి ఇడిసిపెట్టి సొంతంగ దుకాణం పెడ్తా అన్ననాడు వాడకట్టంత నవ్వితే, ఈయన ఒక్కడే నవ్వలే. బిడ్డ చేసిన మిషన్ తన సాంచలకే పెడుతున్నరంటే షెడ్డుల కనవడ్డోనికల్ల చెప్పుకున్నడు.

కొన్నొద్దులు మంచిగనే నడిచింది. అటెన్క టీవీ మీద సాంబయ్య సాంచలు ఉట్టిగనే ఎర్రవడుడు మొదలైంది. సేటు ఉరికొచ్చి చూస్తే అన్ని నడుస్తనే ఉంటయ్. "నా చెప్పుల సప్పుడు ఇని లేచి నడుపుతున్నడు" అని సేటు తీర్మానం చేసుకున్నడు. గన్ని సాంచల మోతల ఈయన చెప్పుల సప్పుడు ఎవల చెవులవడ్తదో ఆ దేవునికే ఎరుక!

ఆ పొద్దు ఫోన్ చేసి కరాకండిగ చెప్పిండు. "మీ నాయన పడుకుంటున్నడా, నీ మిషన్ పడుకుంటున్నదా, పొద్దుగూకేలోపట తేల్చు సంగీతా. మీ నాయనే అయితే ఆ సాంచలు రేపటిసంది పక్క సాంచలు నడిపే కుమార్‌కు అప్పజెప్త."

సంగీత బస్సెక్కొచ్చి, ల్యాప్‌టాప్ తెరిచి స్టూలు మీద కూసున్నది. వైరు అంతకుముందే మార్చింది. చార్జర్ మార్చింది. లోపలి మెమరీ కార్డూ మార్చింది. ఇగ మిగిలింది నంబర్. నెట్‌ల ప్రతి మిషన్‌కు ఇంటి నంబర్ అసొంటి నంబర్ ఒకటుంటది. రూటర్ ఇష్టమొచ్చినట్టు మార్చకుంట, ఈ బోర్డుకు స్థిరంగ ఒకటి రాసిపెట్టింది, ఆఖర్ల నూట పదిహేడు. అది సేటు చెప్పిన నంబరే. ఒకటి, ఒకటి, ఏడు కలిపితే తొమ్మిది. ఆయన బండి నంబర్ తొమ్మిది, ఫోన్ నంబర్ తొమ్మిది. "నా షెడ్డుల ఏది పెట్టినా తొమ్మిదే రావాలె" అన్నడు. పోనీ, మనదేం పోయిందని పెట్టింది. ఇప్పుడు అక్షరమక్షరం చూసుకున్నది. ఒక్క చుక్క తప్పు లేదు. బోర్డు ఆపి మల్ల చాలు చేసింది. ల్యాప్‌టాప్ల పచ్చ వచ్చింది. అమ్మయ్య అనుకునేలోపట ఎర్రవడ్డది.

"దీని నోట్ల మన్నువడ!"

"ఇగ సాలు సంగీతా," అన్నడు ఎన్కనుంచి సేటు. "మీ నాయనే ఒప్పుకున్నంక నీకెందుకు తిప్పలు?"

"ఏమొప్పుకున్నడు?"

"కన్నంటుకుంటుంది సేటు, మిషన్ది తప్పు లేదు అని ఇందాకనే అన్నడు."

సంగీతకు నెత్తిల నిప్పులు పోసినట్టయింది. సక్కగ సాంచల సందులకు పోయి నాయన చెవుల ఒర్రింది, "నిద్రపోతున్నవా బాపు?"

సాంబయ్య తెగిన పోగు ముడేసుకుంట తల ఎత్తలే. "వయసైతలేదా బిడ్డా."

జరసేపు నిజమే కావచ్చు అనుకున్నది. గట్ల అనుకున్నందుకు ఇంకింత మండింది. తిరిగొచ్చి ఆ మంటల బోర్డును అన్ని వైర్లకెల్లి పీకి చేతిల పట్టుకున్నది. ల్యాప్‌టాప్ మాత్రం ఆ నూట పదిహేడును "ఉన్నవా, ఉన్నవా" అని అడుగుతనే ఉన్నది.

"ఉన్న" అని జవాబొచ్చింది. మల్లొచ్చింది.

సంగీత చేతిల బోర్డును చూసింది, ల్యాప్‌టాప్‌ను చూసింది. "ఓసినీ! నువ్వు నా చేతిల ఉన్నవ్, మరి ఆడ పలికేదెవలే?"

ఆ నంబర్‌నే బ్రౌజర్ల కొట్టింది. కెమెరా పాస్‌వర్డ్ పేజీ తెరుచుకున్నది.

"సేటూ! కెమెరా ఎప్పుడు పెట్టిచ్చినవ్?"

"బతుకమ్మ ముంగట. నూలు గోదాంల."

"దాని నంబర్ ఎవలు చెప్పిండ్రు?"

"నేనే. నీకు చెప్పిందే కెమెరా పెట్టినాయనకూ చెప్పిన. మంచి నంబర్ గదా!"

సంగీతకు ఏడ్వాల్నో నవ్వాల్నో సమజ్ కాలే. "ఒక్క నంబర్ రెండిండ్లకు రాస్తే పోస్టుమాన్ ఏం జెయ్యాలె సేటూ? కబురు ఓసారి నా బోర్డుకు, ఓసారి నీ కెమెరాకు పోవట్టె!"

సేటు నమ్మలే. బోర్డును మల్ల తగిలిచ్చి కెమెరా వైరు పీకింది. ఇంట్ల టీవీ చూసుకుంట కిటికిలకెల్లి సేటు భార్య సుశీల కేకేసింది, "పచ్చగైంది!" కెమెరా వైరు పెట్టి, సేటును సాంబయ్య సాంచల ముంగటనే నిలవెట్టింది. ఆయన కండ్ల ముంగటనే అన్నీ టకటక నడుస్తున్నయ్. జరసేపటికి సుశీల సాంచల మోతను మించి మల్ల కేకేసింది, "ఎర్రవడ్డది! సాంబయ్య సాంచలు ఆగినయట!"

సేటు మొఖం మాడింది. "సరే, నంబర్ మార్చు. గని కొత్తదీ తొమ్మిదే రావాలె."

సంగీత నెత్తి కొట్టుకుని నూట ఇరవయ్యారు పెట్టింది.

సేటు అప్పుడు సాంబయ్య దిక్కు మళ్లిండు. "నిద్రపోనోనివి పోయిన అని ఎందుకన్నవయా?"

సాంబయ్య తువ్వాలతోని మొఖం తుడుచుకున్నడు. "మిషన్ అబద్ధం చెప్తుందని నేనే అంటే, రేపు నా బిడ్డను ఇంకో షెడ్డుకు ఎవలు పిలుస్తరు సేటూ? సాంచలు పోతే నేను యాడనన్న చూసుకుంట. దానిది ఇప్పుడే గదా మొదలు."

పొద్దటిసంది వైరును తిట్టింది, రూటర్‌ను తిట్టింది, సేటును మనసుల తిట్టింది. నాయనను తిడుదామని నోరు తెరిచింది.

"నేను నమ్మిన బాపు. నిజంగనే పడుకున్నవనుకున్న," అన్నది.

"నమ్మాలనే గదా చెప్పింది, పిచ్చిదానా."

ఆమె కండ్లు తుడుచుకుంటుంటే ఆయన అట్లనే నిలవడి చూసుకుంట ఉన్నడు. ఎన్క ఒక సాంచల పోగు తెగి ఆగిపోయింది, ఆయనకు సోయే లేదు. కిటికిలకెల్లి సుశీల మల్ల అరిచింది, "సాంబయ్య సాంచ ఆగిందట!"

"తెల్సు," అన్నడు సేటు. "ఆగనియ్యి."