పేరుకోని నూనె

చలికాలం పాఠం కోసం రెండో తరగతి పిల్లలను చిన్న సీసాల్లో కొబ్బరినూనె తెమ్మన్నాను. మంచి నూనె చలికి పేరుకుంటుందని ముందురోజే గొప్పగా చెప్పాను. పొద్దున్నే బల్ల మీద పెట్టిస్తే అన్నీ తెల్లగా పేరుకుని ఉన్నాయి, ఒక్క కుసుమది తప్ప.

"టీచరండీ, వీళ్లది కల్తీ నూనండి!" అని అరిచాడు అయ్యప్ప.

కుసుమ వాళ్ల నాన్న గానుగ ఆడిస్తాడు. నాతో సహా ఊళ్లో సగంమందిమి ఆ నూనే వాడతాం. ఈ మాట సాయంత్రానికి ఇంటింటికీ పాకుతుంది. నా నోటిని తిట్టుకుంటూ అయ్యప్పను కసిరి కూర్చోబెట్టాను.

కుసుమ కళ్లనిండా నీళ్లు. సీసా పట్టుకుంటే గోరువెచ్చగా తగిలింది.

"ఎలా తెచ్చేవమ్మా దీన్ని?"

"స్వెట్టర్ లోపల పెట్టుకున్నానండి. దానికి చలేస్తుందని."

కుండలోని చన్నీళ్లు గిన్నెలో పోసి సీసాను అందులో నిలబెట్టాను. ఎక్కాలు చెప్పిస్తున్నానన్న మాటేగానీ నా చూపంతా గిన్నె మీదే. బడి గంట మోగేసరికి నూనె తెల్లబడింది. అమ్మయ్య అనుకుని, అయ్యప్ప ముక్కు దగ్గర పెట్టి మరీ చూపించాను.

కుసుమ నా చేతిలోంచి సీసా లాక్కుని మళ్లీ స్వెట్టర్‌లో దాచేసింది.

"చూసేరా అండీ, ఎంత చలేసిందో దానికి!"