మధ్య వరుస ఎలుకలు

ప్రయోగశాలలో అందరూ ఎలుకలాయన అని పిలిచే మనిషి పెట్టెను ఎడమ మోచేతి మీదికి వంచి పాత రంపపు పొట్టును దులిపేసి, కొత్తది రెండు దోసిళ్లు పోశాడు. ఆ పెట్టెలో ఉండాల్సిన తెల్లెలుక అంతసేపూ ఆయన చొక్కా జేబులో కూర్చుని ఉంది. నిబంధనల ప్రకారం దాన్ని వేరే పెట్టెలో పెట్టాలి. జేబులో వెచ్చగా ఉంటుందన్న సంగతి నిబంధనలు రాసినవాళ్లకి తెలియదు పాపం. పది గంటలకి ప్రాణం పోయేవాటికి కొత్త పొట్టు ఎందుకని ఎవరూ అడగలేదు.

పొట్టి మనిషి. కింది అరల కోసం ముప్ఫై ఒక్క ఏళ్లు వంగి వంగి, నిటారుగా నిలబడినా ఏదో వెతుకుతున్నట్టే ఉంటాడు. వేళ్ల నిండా పంటిగాట్లు. ఒక్కో గాటుకీ ఒక్కో కథ. బొటనవేలి మీది గాటు పెట్టిన ఎలుక మొదట్లో అరకిలో ఉండేది. చెప్పినప్పుడల్లా పెరిగి ఈమధ్యే మూడు కిలోలు దాటింది. ఇంకో ఏడాది పోతే దానికి కొమ్ములు కూడా మొలిచేవే.

ఆ గదిలో మూడు వరుసలు, వరుసకి ఎనిమిది ఎలుకలు. మొదటి వరుసకి మంచినీళ్లు. మధ్య వరుసకి కాడ్మియం కలిపిన నీళ్లు. అది మెల్లగా కాలేయాన్ని తినేస్తుంది. మూడో వరుసకీ అవే నీళ్లు, కాని మేతలో జింక్ పొడి కలుపుతారు. ఆ పొడి కాలేయాన్ని కాపాడుతుందా లేదా అన్నదే ప్రశ్న. పరిశోధన చేసే అమ్మాయి మూడేళ్లుగా ఆ ఒక్క ప్రశ్నతోనే కాపురం చేస్తోంది.

ఆరు నెలల కిందట ఎలుకలాయన భార్య మంచం దిగలేకపోయింది. డాక్టరు బలానికేవో మాత్రలు రాశాడు. ఆ చీటీ చదివి, "ఇందులో జింక్ ఉంది బాబాయ్" అని చెప్పింది ఈ అమ్మాయే. నెల తిరిగేసరికి ఆవిడ లేచి కూర్చుని, మొగుణ్ణి తిట్టేంత ఆరోగ్యవంతురాలైంది. ఆ తిట్లు విన్న రోజు నుంచి ఆయనకి ఆ పొడి మీద గురి కుదిరిపోయింది.

తర్వాత మధ్య వరుస ఎలుకలకి బొచ్చు రేగింది. నడుం గూనిలా వంచి మూలకి చేరాయి. మందు ఎదురుగా డబ్బాలో ఉంది. ఎలాగూ పోయేవే, పోయేలోపు బాధ లేకుండా ఉంటాయి కదా అనుకున్నాడు. ఎర్రమూత డబ్బాలోని ఉత్త మేత తూచాల్సినచోట నీలిమూత డబ్బాలోని జింక్ మేత తూచి పెట్టాడు. రెండు నెలలు పెట్టాడు. ఆ మేత తొందరగా అయిపోతోందేమని అమ్మాయి అడిగితే, "పొట్టులో పారబోస్తున్నాయమ్మా" అన్నాడు. ఆమె నమ్మి, ఆదివారాలు కూడా వచ్చి ఇంకా కలిపింది.

పదింటికి పని మొదలైంది. ఆయన ఒక్కొక్కదాన్నీ రెండు చేతుల్లో తెచ్చి ఇచ్చాడు. మధ్యాహ్నానికి పళ్లెంలో ఇరవై నాలుగు కాలేయాలు వరుసగా ఉన్నాయి. అమ్మాయి మధ్య వరుసవాటి మీదికి వంగి చూసింది.

"బాబాయ్, ఇవి మధ్య వరుసవేనా? పెట్టెలు గానీ మారాయా?"

"చెవులు చూసుకోమ్మా. రెండు గాట్లుంటే మధ్య వరుస."

రెండు గాట్లే ఉన్నాయి. కాలేయాలు మాత్రం నున్నగా, ముదురెరుపుగా, మూడో వరుసవాటికి కవలల్లా ఉన్నాయి. అమ్మాయి ప్రొఫెసరుకి ఫోన్ చేసి మాట్లాడి, కుర్చీలో కూలబడింది.

"విషం పనిచెయ్యలేదంటున్నారు. సోమవారం కొత్తవి వస్తాయి. ఈసారి మోతాదు రెట్టింపు."

ఎలుకలాయన కళేబరాల సంచీ మూతి కట్టి, వాటిని కాల్చే కొలిమి గదికి తీసుకెళ్లాడు. బరువేమీ కాదు, అయినా దారిలో రెండుసార్లు దించాడు. ఎనిమిది ఎలుకలకి బాధ తప్పిద్దామనుకుంటే ఇంకో ఇరవై నాలుగు వస్తున్నాయి, వాటిలో పదహారింటికి రెట్టింపు విషం. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. ఆ మాట తోచగానే సంచీ అక్కడే దించేశాడు. వెనక్కి వచ్చాడు.

"అమ్మాయ్, ఎర్రమూత డబ్బాలో మేత ఎంత ఉందో చూడు."

ఆమె మూత తీసింది. ఉండాల్సినదానికి రెట్టింపు ఉంది.

"పారబోస్తున్నాయన్నారు కదా?"

"అబద్ధం చెప్పాను. పిచ్చిమొహాలు, ఒక్క గింజ పారబొయ్యలేదు. వాటికీ నీలిమూతదే పెట్టాను."

"ఎందుకు బాబాయ్?"

గాటుకో కథ చెప్పే మనిషి ఈసారి ఉన్నదే చెప్పాడు. "మీ పిన్నికి పనిచేసింది కదమ్మా" అన్నాడు.

అమ్మాయికి నవ్వొచ్చింది, అది మధ్యలోనే ఏడుపైపోయింది. "అంటే జింక్ పనిచేసింది. నేను చూశాను కూడా. కాని విషం ఒక్కటే తాగిన వరుస లేకుండా అది రాయడానికి లేదు."

"నీ మోతాదు సరైందే తల్లీ. దాన్ని మాత్రం పెంచకు."

"పెంచను. కాని మళ్లీ ఇరవై నాలుగింటినీ కొయ్యాలి కదా."

"అవును" అన్నాడు.

ఎలుకలాయన తనే వెళ్లి ప్రయోగశాల అధికారికి చెప్పుకున్నాడు. అధికారి కేకలెయ్యలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఇన్నేళ్లలో ఎన్ని ప్రయోగాలకిలా సాయం చేశావయ్యా?" అన్నాడు.

"ఇదొక్కటే సార్."

"నేను నమ్ముతాను. కాగితం నమ్మదు. రేపట్నుంచి రావద్దు."

"ఎలుకల నీళ్ల సీసాలు కడిగి వెళ్తాను సార్. సోమవారానికి కావాలి."

సాయంత్రం దాకా కడిగాడు. ఒక్కో సీసా గొట్టాన్నీ వెలుతురుకి ఎత్తి చూశాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, ఇంట్లో చెప్పడానికో కథ అల్లబోయాడు. మొదటి మాటే దొరకలేదు.

"వెళ్తానమ్మా."

అమ్మాయి తలెత్తలేదు. కాసేపటికి ఎత్తి చూసేసరికి గుమ్మంలో ఎవరూ లేరు. తొట్టి పైన చెక్కకి కొట్టిన మేకులకి ఇరవై నాలుగు సీసాలు బోర్లించి ఉన్నాయి. ఇరవై అయిదో మేకుకి ఆయన రబ్బరు చేతితొడుగు వేలాడుతోంది, వేళ్ల కొసల నుంచి ఇంకా నీళ్లు కారుతూ.